తోటి పిల్లల్ని కొడుతున్నాడా, కొరుకుతున్నాడా? ముందు ఆ రెండు నిమిషాలు చూడండి

తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద సాయంత్రం పూట ఐదారుగురు చిన్నపిల్లలు చేరతారు. మా వాడికి రెండున్నరేళ్లప్పుడు ఒకరోజు కిందింటి పాప చేయి పట్టుకుని కొరికేశాడు. పళ్ల గుర్తులు ఎర్రగా పడ్డాయి. వాళ్లమ్మ ఒక్క మాటా అనలేదు గానీ మర్నాటి నుంచి పాపను పైకి పంపలేదు. ఆ టెన్షన్‌తో నాకు వారం నిద్ర లేదు. మా అత్తమ్మేమో "మొగపిల్లోడు, అంతేలే" అన్నారు. ఎదురింటి అవ్వ "నువ్వూ ఒకసారి కొరుకు, నొప్పి తెలిసొస్తుంది" అనింది. రెండూ పనికిరాని సలహాలే. మనం కొరికితే, కోపమొస్తే కొరకొచ్చని వాడికి నేర్పినట్టే అవుతుంది.

నాకు పనికొచ్చింది పాల లెక్క రాసే క్యాలెండర్. వాడు చేయి చేసుకున్న ప్రతిసారీ ఎన్ని గంటలకు, ఎవరితో, దానికి ముందు రెండు నిమిషాల్లో ఏం జరిగిందో అందులో రాశాను. వారం తిరిగేసరికి కారణాలు వాటంతట అవే బయటపడ్డాయి.

బొమ్మ దగ్గరే గొడవైతే

ఎక్కువ గొడవలు ఇక్కడే. రెండేళ్ల పిల్లలు "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలిపి చెప్పగలరు. కోపం ముంచుకొస్తే ఆ రెండూ రావు, చేయి లేస్తుంది. పైగా ఒకసారి ఇచ్చేసిన బొమ్మ మళ్లీ తన చేతికొస్తుందనే నమ్మకం ఆ వయసుకు ఉండదు.

అందుకని ఆడుకునేటప్పుడు చేయి చాపితే అందేంత దగ్గర్లో కూర్చోండి. దూరం నుంచి అరిస్తే లాభం లేదు. చేయి లేవగానే మెల్లగా పట్టుకుని, వాడి ఎత్తుకు వంగి, "కొట్టనివ్వను. పాపకు నొప్పి" అని చెప్పండి. అంతకు మించి ఉపన్యాసం వద్దు, ఆ క్షణంలో చెవికెక్కదు. అప్పటికే కొట్టేసి ఉంటే ముందు దెబ్బ తిన్న బిడ్డను ఎత్తుకోండి. బలవంతంగా సారీ చెప్పించడం నేను మానేశాను. దానికి బదులు తడిగుడ్డ వాడి చేతే తెప్పించి పాప చేతి మీద పెట్టించేదాన్ని.

కొట్టే బదులు ఏం అనాలో కూడా నేర్పాలి. "నాది", "ఇయ్యి", "ఇంక నాకు" అనే మాటలు కోపం లేని సమయంలో, ఇంట్లో బొమ్మలతో ఆడిస్తూ రోజూ అనిపించాను. పది లెక్కపెట్టాక బొమ్మ చేతులు మారే ఆట పెట్టాను. వాడికి ప్రాణమైన లారీని పిల్లలు రాకముందే బీరువాలో దాచేదాన్ని, బంతులు మాత్రం రెండు ఉంచేదాన్ని. వాడు ఆగి అడిగిన ప్రతిసారీ "భలే అడిగావు నాయనా" అని దగ్గరికి తీసుకున్నాను. తేడా కనిపించడానికి మూడు వారాలు పట్టింది.

సాయంత్రం ఆరు దాటాకే మొదలైతే

నిద్ర చాలలేదు, లేదా ఆకలి. పగటి కునుకుతో కలిపి రోజుకు ఒకటి నుంచి రెండేళ్ల వారికి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వారికి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మన ఎండల్లో మధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఆ కునుకు పోయినట్టే. అలాంటి రోజు ఆట అరగంటతో ఆపేయండి. ఆటకు ముందు ఒక అరటిపండో, గుప్పెడు బొరుగులో పెట్టండి.

గుంపులోనే తోసేస్తుంటే

పెళ్లిళ్లలో, మేలో గంగమ్మ జాతరప్పుడు, ఆదివారం ప్రకాశం పార్కులో ఉయ్యాల దగ్గర ఇలా జరుగుతుంది. చెవులు మూసుకోవడం, మన కాళ్లకు చుట్టుకోవడం కనిపిస్తే కాసేపు బయటికి తీసుకెళ్లండి. పార్కుకు జనం తక్కువున్న వేళ వెళ్లండి.

దేన్ని పడితే దాన్ని కొరుకుతుంటే

వెనక దవడ పళ్లు రెండు, మూడేళ్ల మధ్య వస్తాయి. నమలడానికి చల్లటి తడిగుడ్డ ఇవ్వండి. ఎదుటి బిడ్డకు చర్మం తెగి ఉంటే సబ్బుతో, పారే నీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించాలి.

ఉన్నట్టుండి మొదలైతే

ఇంట్లోకి చెల్లో తమ్ముడో వచ్చారా? ఎవరైనా వాడిని కొడుతున్నారా? ఫోన్ ఎక్కువైందా? రెండు నుంచి నాలుగేళ్ల వారికి స్క్రీన్ రోజుకు గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఇంకొకటి, మన ఇళ్లలో ఎవరూ తప్పనుకోనిది. బిడ్డ పడితే "గచ్చు కొట్టిందా? గచ్చును కొడదాం పట్టు" అని నేలను కొట్టిస్తాం. "మామను ఒకటెయ్యి" అని, వాడు వేస్తే అందరం నవ్వుతాం. నొప్పి కలిగితే కొట్టాలని, కొడితే మెచ్చుకుంటారని వాడికి మనమే చెబుతున్నాం. ఇది అత్తమ్మకు చెప్పడానికి నాకు చాలా ధైర్యం కావాల్సొచ్చింది. ఆమె విని, ఆ రోజు నుంచి పడిన చోట రుద్ది ఊదడం మొదలుపెట్టారు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోయినా, పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయొద్దు. వినికిడి పరీక్ష కూడా చేయించండి. తనను తానే గాయపరచుకుంటున్నా, నాలుగేళ్లు దాటాక కూడా రోజూ ఎవరినో ఒకరిని కొడుతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తారు, ఎప్పుడొస్తారో టీచరును అడగండి.

ఇక ఎదుటి బిడ్డ తల్లితో మాట్లాడటం. నేను వారం ఆగాను, అది నా తప్పు. కిందికి దిగి "అక్కా, మా వాడి వల్ల పాపకు దెబ్బ తగిలింది. ఇప్పటి నుంచి నేను పక్కనే ఉంటాను" అని చెప్పాను. రెండు రోజుల తర్వాత పాపను ఆమే తీసుకొచ్చారు. మొదటి రోజు పది నిమిషాలే ఆడించాం, ఇద్దరికీ చెరో బంతి ఇచ్చి, మధ్యలో నేను కూర్చుని.