పళ్ళు తెల్లబడాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

మెడికల్ షాపులో వైటెనింగ్ పేస్టు కొనే ముందు, మీ పళ్ళకు ఆ రంగు ఎందుకు వచ్చిందో తెలుసుకోండి. టీ మరకకు పనిచేసేది ఫ్లోరైడ్ మచ్చకు పనిచేయదు. దెబ్బ తగిలి నల్లబడిన పంటికి ఆ రెండూ పనికిరావు. కారణం తెలియకుండా మొదలుపెడితే డబ్బు పోవడమే కాదు, ఒక్కోసారి పన్ను కూడా అరిగిపోతుంది.

1. పగటి వెలుతురులో అద్దం చూడండి

కిటికీ దగ్గర నిలబడి, ముందు పళ్ళను మెత్తని గుడ్డతో తుడిచి వెంటనే చూడండి. ఎక్కువసేపు ఆరనిస్తే పళ్ళు ఉన్నదానికన్నా తెల్లగా కనబడతాయి.

చిగురు అంచున, పళ్ళ సందుల్లో, కింది పళ్ళ లోపలివైపు పసుపుగానో గోధుమ రంగులోనో పేరుకుని, నాలుకకు గరుకుగా తగిలితే అది గార. టీ, కాఫీ, వక్కపొడి, గుట్కా, ఖైనీ మరకలు దాని మీద త్వరగా పడతాయి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వారాల తరబడి వాడినా గోధుమ రంగు మరకలు వస్తాయి.

చిన్నప్పటి నుంచీ రెండు వైపులా ఒకేలా సుద్ద లాంటి తెల్ల మచ్చలో, గోధుమ మచ్చలో ఉంటే ఫ్లోరోసిస్, అంటే తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే మచ్చలు, అయ్యే అవకాశం ఎక్కువ. నల్లగొండ, ప్రకాశం జిల్లాల పాఠకులకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. పళ్ళకు అడ్డంగా బూడిద రంగు చారలుంటే, చిన్నతనంలో వాడిన టెట్రాసైక్లిన్ మందు కారణం కావచ్చు. ఒక్క పన్నే నల్లబడితే ఎప్పుడో తగిలిన దెబ్బకు లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. ఏ మచ్చా లేకుండా అన్నీ సమంగా పసుపెక్కితే చాలావరకు వయసు ప్రభావమే: పైనున్న ఎనామిల్ పలచబడి, కింద సహజంగానే పసుపుగా ఉండే డెంటిన్ బయటికి కనబడుతుంది.

2. ముందు క్లీనింగ్ చేయించుకోండి

గార, టీ మరకలు మాత్రమే ఉన్నవాళ్ళకు క్లీనింగ్, పాలిషింగ్‌తోనే పని అయిపోతుంది. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి" అనే భయంతో చాలామంది ఏళ్ళ తరబడి వాయిదా వేస్తారు. అది నిజం కాదు. గార వల్ల చిగురు, దాని కింది ఎముక ముందే దెబ్బతిని ఉంటాయి. అడ్డంగా ఉన్న గార పోగానే ఆ ఖాళీ తెలుస్తుంది, అంతే. కొన్ని రోజులు చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనొచ్చు, తర్వాత తగ్గిపోతుంది. పిప్పి పళ్ళు, చిగుళ్ళ నుంచి రక్తం కారడం లాంటివి ఉంటే వాటికి వైద్యం అయ్యాకే తెలుపు సంగతి ఆలోచించండి.

3. పసుపు అలాగే ఉంటే బ్లీచింగ్

ఇందులో రెండు దారులున్నాయి. క్లినిక్‌లో చిగుళ్ళకు అంటకుండా అడ్డుపెట్టి, 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్ పూస్తారు. గంట, గంటన్నరలో తేడా కనబడుతుంది. జెల్ మీద వేసే నీలి లైటు చూసి మురిసిపోకండి, అసలు పని చేసేది జెల్లే.

రెండోది ఇంట్లో వాడే ట్రే. డాక్టర్ మీ పళ్ళ అచ్చు తీసి, వాటికి సరిగ్గా అతుక్కునే పల్చని ట్రే చేయిస్తారు. అందులో ఒక్కో పంటి గుంటలో బియ్యపుగింజంత జెల్ వేసి, చెప్పిన సమయం వరకు పెట్టుకోవాలి. పక్కకు పొంగి చిగురు మీదికి వస్తే తుడిచేయాలి, లేకపోతే చిగురు మండుతుంది. సాధారణంగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ ఇస్తారు. రోజూ పెట్టుకుంటే సుమారు రెండు వారాల్లో ఫలితం తెలుస్తుంది.

తొందర లేనివాళ్ళకు నేను ట్రేనే మంచిదంటాను. జివ్వుమంటే ఒకరోజు ఆపొచ్చు, చాలనుకున్న చోట ఆగొచ్చు. పళ్ళు ముందే సున్నితంగా ఉంటే, రెండు వారాల ముందు నుంచి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి. 18 ఏళ్ళు నిండనివాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు బ్లీచింగ్ వాయిదా వేసుకోవాలి.

4. మచ్చలకు వేరే దారి

ఫ్లోరోసిస్‌కు బ్లీచింగ్ ఒక్కటే చేస్తే తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడొచ్చు. పైపై గోధుమ మచ్చలైతే మైక్రోఅబ్రేషన్‌తో పలచగా అరగదీస్తారు. తెల్ల మచ్చల్లోకి రెసిన్ అనే జిగురు లాంటి ద్రవాన్ని ఇంకించే పద్ధతి కూడా ఉంది. పన్ను గుంటలు పడి పాడైతే వెనీర్లో (పంటి ముందువైపు అంటించే పల్చని పెంకులు), క్యాపులో వేయాలి. వెనీర్‌కు మంచి పన్నును కొంత అరగదీయాల్సి రావొచ్చు కాబట్టి మొదటే దానికి తలూపకండి.

ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలుంటే బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీళ్ళు తాగించొద్దు. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఈ మచ్చలు పడతాయి.

టెట్రాసైక్లిన్ చారలకు ట్రే నెలల తరబడి వాడాల్సి వస్తుంది. నల్లబడిన ఒంటి పంటికి ఎక్స్‌రే తీయించండి. రూట్ కెనాల్ చేసి, లోపలి నుంచి బ్లీచ్ చేసే పద్ధతి ఉంది.

5. వీటి జోలికి పోవద్దు

నిమ్మరసం, వంటసోడా కలిపి రుద్దితే తెల్లబడతాయని వీడియోలు తిరుగుతుంటాయి. నిమ్మలోని ఆమ్లం ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది, ఆ మీద రుద్దితే అది అరిగిపోతుంది. పోయిన ఎనామిల్ మళ్ళీ రాదు, కింది డెంటిన్ బయటపడి పళ్ళు ఇంకా పసుపుగా కనబడతాయి. బొగ్గు పొడి, ఇటుక పొడి, బూడిదతో రుద్దినా ఇదే జరుగుతుంది. వేపపుల్లను మెత్తగా నమిలి సున్నితంగా తోముకుంటే తప్పులేదు. పొగాకు కలిసిన పళ్ళపొడులను మన దేశంలో 1992లోనే నిషేధించారు, ఎవరైనా ఇచ్చినా వాడొద్దు. బ్యూటీ పార్లర్లలో ఘాటైన జెల్ పూయించుకోవద్దు.

6. రోజులు లెక్కేసుకోండి

పిప్పి పంటిలో నింపిన సిమెంటు, క్యాపు బ్లీచింగ్‌తో తెల్లబడవు. చుట్టూ పళ్ళు తెల్లబడితే అవి మాత్రం పాత రంగులో విడిగా కనబడతాయి. అందుకే ముందు బ్లీచింగ్, ఆ తర్వాత రంగు కుదురుకోవడానికి కనీసం రెండు వారాల ఆగుదల, ఆపైన కొత్త సిమెంటు, క్యాపు. పెళ్ళి ఉంటే ముహూర్తానికి రెండు నెలల ముందే డాక్టర్‌ను కలవండి. క్లీనింగ్, ట్రే, రంగు కలిసే కొత్త క్యాపు, అన్నింటికీ టెన్షన్ లేకుండా సమయం సరిపోతుంది.