వంటింట్లో గ్యాస్ పైపు, కరెంటు పాయింటు: జానెడు, బెత్తెడు లెక్క

పటమట, భవానీపురం, గొల్లపూడి... విజయవాడలో ఎక్కడ అపార్ట్‌మెంట్ పని ఒప్పుకున్నా ఈమధ్య ఇంటివాళ్లు అడిగే మాట ఒకటే. "పైపు గ్యాస్ పెట్టిస్తున్నాం అన్నా, మన వైరింగ్‌కి ఇబ్బందేం లేదుగా?" ఉందో లేదో గుమ్మంలో నిలబడి చెప్పే విషయం కాదు. టేపు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాలి.

నేను ఇళ్ల వైరింగ్ కాంట్రాక్టులు చేస్తాను. అంతకుముందు దోహాలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ఉన్నాను. మా సైట్లో కన్సల్టెంట్లు బ్రిటిష్ వాళ్లు. గ్యాస్ పైపు కనబడితే చాలు, వాళ్ల దేశపు ప్రమాణం బీఎస్ 6891 తీసేవాళ్లు. ఈ విషయంలో అందులో గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే అంకెలు. కరెంటు మీటరు, డీబీ (ఇంట్లో లైన్లకి కరెంటు పంచే బోర్డు), స్విచ్చు, సాకెట్ లాంటివాటికి గ్యాస్ పైపు కనీసం 150 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ఉత్త కేబుల్ అయితే 25 మిల్లీమీటర్లు ఉండాలి. అంత జాగా దొరకని చోట పైపుకి పీవీసీ తొడుగు వేయాలి, లేదా రెండిటి మధ్య కరెంటు పారని పలక అడ్డం పెట్టాలి.

మన కుర్రాళ్లకి మిల్లీమీటర్లలో చెబితే తల ఊపి, పని దగ్గరికి వెళ్లేసరికి మర్చిపోతారు. అందుకే చేతి కొలతలో చెబుతాను. పాయింటుకి, అంటే స్విచ్చుకీ సాకెట్‌కీ, జానెడు; వైరుకి బెత్తెడు. జాన దాదాపు 9 అంగుళాలు, అంటే 225 మిల్లీమీటర్ల పైమాటే. బెత్తెడు 3 అంగుళాలు. రెండూ పై అంకెల కన్నా ఎక్కువే. కావాలనే ఎక్కువ పెట్టుకున్నాను. కాగితం మీద గీత తిన్నగా ఉన్నంత మాత్రాన గోడలో పైపు తిన్నగా ఉండదు. ప్లాస్టింగ్ అయ్యాక, టైల్స్ అంటించాక ఎంతోకొంత జరుగుతుంది. గ్యాస్ కంపెనీ ఇంజినీరు ఇంతకన్నా ఎక్కువ దూరం అడిగితే ఆయన మాటే చెల్లుతుంది. "అంత అక్కర్లేదు, తక్కువ చాలు" అంటే మాత్రం నేను జానెడు వదలను.

వైరుకి బెత్తెడు చాలినప్పుడు పాయింటుకి జానెడు ఎందుకు? వైరులో కరెంటు పారుతున్నంతసేపూ నిప్పురవ్వ రాదు. స్విచ్చు వేసినా తీసినా లోపల రెండు కాంటాక్టుల మధ్య చిన్న మెరుపు వస్తుంది. రాత్రి లైట్లు తీసేసి పాత స్విచ్చు నొక్కి చూడండి, సందులోంచి కనబడుతుంది. వదులైన పవర్ పాయింటులో మిక్సీ ప్లగ్ పెడితే చిటపటలాడేదీ అదే. రెగ్యులేటర్ దాటి వచ్చిన ఇంటి గ్యాస్‌కి అంటుకోవడానికి ఆ రవ్వ చాలు. ఇక వైరుతో వచ్చే తంటా వేరు. ఎలుక కొరికో, ఎండకి పొర పగిలో, రాగి బయటపడి పైపుకి తగిలిందంటే అక్కడ ఆర్క్, అంటే లోహాన్ని కరిగించే మెరుపు, వస్తుంది. మందమైన జీఐ (జింకు పూత ఇనుము) పైపు కొంత తట్టుకుంటుంది, పలుచటి రాగి గొట్టం తట్టుకోదు.

"మా ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది కదా" అంటారు కొందరు. కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు అది. ఉండాల్సిందే, 30 మిల్లీ ఆంపియర్లదే ఉండాలి. ఎర్త్‌కి కరెంటు లీకైతే అది పడిపోతుంది. కానీ స్విచ్చులో వచ్చే మామూలు రవ్వని అది లీకేజీగా లెక్కపెట్టదు. దానికీ ఈ గ్యాప్‌కీ సంబంధం లేదు.

పైకి పోయే గ్యాస్, కిందకి దిగే గ్యాస్

దూరం ఎంత అన్నది సగమే. ఏ వైపున అన్నది మిగతా సగం. ఇదే ఎక్కువమంది వదిలేస్తారు.

సిలిండర్‌లో వచ్చే ఎల్‌పీజీ గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నేల మీదకి దిగి, గట్టు కింద, కప్‌బోర్డు అడుగున, గుమ్మం మూల పేరుకుంటుంది. గాలిలో 2 శాతం దగ్గరకి వచ్చిందంటే అంటుకోవడానికి సిద్ధం. పైపులో వచ్చే సహజవాయువు, అంటే పీఎన్‌జీ, చాలావరకు మీథేన్. గాలి బరువులో సగానికి కాస్త ఎక్కువ. అది పైకి లేచి అటక కింద, ఫాల్స్ సీలింగ్‌లో చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు అంటుకుంటుంది.

కాబట్టి సిలిండర్ ఉన్న ఇంట్లో నేను ముందు గట్టు కింద చూస్తాను. వాటర్ ప్యూరిఫయర్ కోసం, డిష్‌వాషర్ కోసం అక్కడే కింద పాయింటు పెట్టించుకుంటారు, పక్కనే 14.2 కిలోల సిలిండర్ ఉంటుంది. పైగా అందంగా తలుపులు బిగించి గాలాడకుండా మూసేస్తారు. ఇక్కడ జానెడు దూరం సరిపోదు. ఆ పాయింటుని సిలిండర్ అరలోంచి తీసేసి అవతలి అరలోకి, వీలైతే గట్టు పైకి మార్చమంటాను. సిలిండర్ అర తలుపుకి అడుగున గాలి రంధ్రాలు పెట్టించాలి. ఫ్రిజ్ కూడా సిలిండర్ పక్కన వద్దు. దాని థర్మోస్టాట్, కంప్రెసర్ రిలే మన చెయ్యి తగలకుండానే రోజంతా ఆన్ ఆఫ్ అవుతుంటాయి, పాతవాటిలో ప్రతిసారీ రవ్వ వస్తుంది.

అదే ఇల్లు పైపు గ్యాస్‌కి మారితే లెక్క తలకిందులవుతుంది. ఇప్పుడు చూడాల్సింది గ్యాస్ మీటరుకీ, వాల్వుకీ నేరుగా పైన ఏముందో. మీటరు మీద స్విచ్‌బోర్డు ఉండకూడదు. అటకలో ఇన్వర్టర్ పెట్టి దాని కిందనుంచి గ్యాస్ పైపు లాగకూడదు. ఫాల్స్ సీలింగ్ వేసుంటే అందులోంచి గ్యాస్ పైపు పోనివ్వద్దు. అక్కడ లీకైతే వాసన ఆలస్యంగా తెలుస్తుంది, లోపల లైట్ల జాయింట్లు బోలెడుంటాయి. చిమ్నీ పాయింటు పొయ్యి వెనక గోడకి కాకుండా పక్కకి జరిపి, చెయ్యి అందే చోట పెట్టాలి. రెండు రకాల గ్యాస్‌కీ ఇదే మేలు.

గోడ కొట్టకముందే

కొత్త ఇల్లయితే ఇదంతా సున్నం గీతల దశలోనే తేలిపోవాలి. ఇటుక గోడ లేచాక, గాడి కొట్టకముందు, తాపీ మేస్త్రీనీ ప్లంబర్‌నీ కూడా వంటింట్లోకి పిలుస్తాను. పొయ్యి ఎక్కడ, గ్యాస్ మీటరు ఎక్కడ, పైపు ఏ గోడనుంచి లోపలికి వస్తుంది అన్నవి ముందు రంగు చాక్‌పీసుతో గీస్తాం. తర్వాతే నా పాయింట్లు. పైపు గ్యాస్ ఇప్పట్లో రాకపోయినా దాని దారి ఊహించి ఒక పట్టీ ఖాళీగా వదిలేస్తాను. సాధారణంగా బాల్కనీ వైపు గోడ అందుకు పనికొస్తుంది.

వైర్ల దారి ఎప్పుడూ స్లాబు నుంచి పాయింటుకి నిట్టనిలువుగా దిగాలి, లేదా పాయింటు నుంచి పాయింటుకి అడ్డంగా పోవాలి. వైరు పోయే పైపు ఆదా అవుతుందని గాడి ఏటవాలుగా కొట్టే కుర్రాళ్లుంటారు. రెండడుగుల పీవీసీ పైపు మిగుల్తుంది, నిజమే. రేపు గ్యాస్ పైపు క్లాంపు కోసం డ్రిల్లింగ్ చేసేవాడు స్విచ్‌బోర్డు చూసి "వైరు దీని పైనే ఉంటుంది" అనుకుని పక్కన బిట్ దించుతాడు. అక్కడే నీ ఏటవాలు వైరు ఉంటుంది.

గ్యాస్ పైపూ వైరూ ఒకదాన్నొకటి దాటక తప్పనప్పుడు లంబంగా దాటాలి. సమాంతరంగా పొడుగునా పక్కపక్కన పోవడం మంచిది కాదు, తప్పకపోతే బెత్తెడు ఎక్కడా తగ్గకూడదు. గ్యాస్ పైపు గోడ దాటే చోట స్లీవ్ (పైపు చుట్టూ ఇంకో గొట్టం) ఉండాలి, ఆ స్లీవ్‌లోంచి ఇంటర్నెట్ కేబుల్ కూడా పోనివ్వద్దు. రంధ్రం ఖాళీగా కనబడితే మనవాళ్లకి చెయ్యి ఆగదు. ఎలక్ట్రికల్ షాఫ్ట్‌లోకి గ్యాస్ రైజర్, అంటే కింది నుంచి పై ఫ్లోర్లకి పోయే నిలువు పైపు, రానే కూడదు. ఆ షాఫ్ట్ లిఫ్ట్ పక్కన మూసి ఉండే బావి లాంటిది, అన్ని ఫ్లోర్ల మీటర్ కేబుళ్లూ అందులోనే ఉంటాయి. రైజర్ బయట గోడ మీద, గాలి తగిలే చోట ఉండాలి.

గాడి కొట్టి పీవీసీ పైపులు బిగించాక, ప్లాస్టింగ్‌కి ముందు ఫోటోలు తీయండి. ఉత్త ఫోటో వల్ల లాభం లేదు. నేలనుంచి ఒక టేపు, గోడ మూలనుంచి ఒక టేపు సాగదీసి, అంకెలు కనబడేలా తీయాలి. ఒక్కో గోడకి ఒక ఫోటో తీసి ఇంటివాళ్ల వాట్సాప్‌కి పంపేస్తాను. వాళ్ల ఫోన్లు మారిపోతాయని తెలుసు, అందుకే ప్రింటు తీసి డీబీ తలుపు లోపల కూడా అంటిస్తాను.

ఉన్న ఇంట్లో

టైల్స్ కూడా అయిపోయిన వంటింట్లోకి పైపు గ్యాస్ వస్తుంటే ఫోటోలు ఎవరి దగ్గరా ఉండవు. వైర్ డిటెక్టర్‌తో గోడంతా తడుముతాను. దాన్ని పూర్తిగా నమ్మలేం, లోతుగా ఉన్న వైరునీ కరెంటు లేని వైరునీ కొన్నిసార్లు పట్టదు. అందుకే ప్రతి పాయింటుకీ పైకీ కిందకీ, పక్కలకీ జానెడు వెడల్పున మాస్కింగ్ టేపు అంటించి, ఆ పట్టీలో డ్రిల్ పెట్టొద్దని గ్యాస్ ఫిట్టర్‌కి చూపిస్తాను.

డ్రిల్లింగ్ రోజు వంటింటి ఎంసీబీలు (డీబీలో ఒక్కో లైనుకీ ఉండే స్విచ్చులు) అన్నీ దించేయండి. ఇన్వర్టర్ లైను కూడా వేరుగా ఆపాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు. డ్రిల్ మెషీన్‌కి కరెంటు హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డుతో తెచ్చుకోవచ్చు.

పైపు దారికి జానెడు లోపల పాయింటు వస్తే ఏది జరపాలి? పాయింటునే. పైపుకి వంపు పెరిగితే జాయింటు పెరుగుతుంది, జాయింటు పెరిగితే లీకేజీకి తావు పెరుగుతుంది. పాయింటు జరపడం ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని, ఒక టైలు పోతుంది అంతే. పాత బాక్సులో వైర్లు టేపు చుట్టి, పైన టైలు అంటించి కప్పేయడం మాత్రం ఒప్పుకోకండి. ఆ గోడలో జాయింటు ఉందని తర్వాత ఎవరికీ తెలియదు.

ఎర్త్ సంగతి. గ్యాస్ పైపుని ఎర్త్‌గా వాడకూడదు. పూర్వం కొళాయి పైపుకి ఎర్త్ వైరు చుట్టేవాళ్లు, ఆ అలవాటుతో గీజరు ఎర్త్‌ని గ్యాస్ పైపుకి చుట్టినవాళ్లనీ చూశాను. బాండింగ్ అంటే వేరు. లోహపు గ్యాస్ పైపునీ ఇంటి మెయిన్ ఎర్త్‌నీ క్లాంపుతో, ఆకుపచ్చ పసుపు వైరుతో కలపడం. రెండిటి మధ్య వోల్టేజీ తేడా రాకుండా ఉండటానికి ఇది. బ్రిటన్‌లో గ్యాస్ మీటరు దాటిన 600 మిల్లీమీటర్ల లోపే, మామూలుగా 10 చదరపు మిల్లీమీటర్ల వైరుతో చేస్తారు. మన దగ్గర పైపు గ్యాస్ కంపెనీది. వాళ్లని అడగకుండా ఆ పైపు మీద మీరుగా క్లాంపు బిగించొద్దు, వెల్డింగ్ మాట అసలు ఎత్తొద్దు.

బయటి గోడ వైపు కూడా ఒకసారి తల పెట్టి చూడండి. పసుపు రంగు రైజర్ పక్కనే ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేలాడుతుంటుంది, దాని వైరు జాయింటు టేపు చుట్టి పైపుకే ఆనించి ఉంటుంది. కేబుల్ టీవీ వాళ్లు, నెట్ వాళ్లు రైజర్‌ని కరెంటు స్తంభం అనుకుని వైర్లు కట్టేస్తారు. పిడుగు కడ్డీ నుంచి దిగే రాగి పట్టీ కూడా కొన్ని బిల్డింగుల్లో రైజర్‌కి దగ్గరగా ఉంటుంది. ఏసీ జాయింటుని బాక్సులో పెట్టించి జానెడు జరపడం, నెట్ వైర్లు విప్పించడం మీ అసోసియేషన్ చేయించగలిగిన పనులే. పిడుగు పట్టీ సంగతి ఎలక్ట్రికల్ ఇంజినీరుకి, గ్యాస్ కంపెనీకి ఇద్దరికీ చెప్పాలి.

ఇంత చేసినా వాసన వస్తే స్విచ్చు వేయొద్దు, వేసి ఉన్నది తీయొద్దు. రెండిటికీ రవ్వ వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి గ్యాస్‌ని బయటికి పంపుదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది, అదే పెద్ద ప్రమాదం. రెగ్యులేటరో వాల్వో కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, బయటికి వచ్చి ఫోన్ చేయండి. సిలిండర్ అయితే 1906. పైపు గ్యాస్ అయితే కంపెనీ ఎమర్జెన్సీ నంబరు బిల్లు మీద ఉంటుంది, ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి. మెయిన్ స్విచ్చు ఫ్లాటు బయట, వాసన లేని చోట ఉంటేనే దించండి. పక్కింటివాళ్లకి కాలింగ్ బెల్ కొట్టొద్దని చెప్పి, మీరూ వాళ్ల తలుపు చేత్తోనే తట్టండి.

పైపు బిగించడం పూర్తయ్యాక లీకేజీ పరీక్ష మీ కళ్లముందే చేయించుకోండి. అది గ్యాస్ వాళ్ల పని. వంటింటి వైరింగ్‌కి మెగ్గర్ అనే మీటరు పెట్టి ఇన్సులేషన్, అంటే వైరు పై పొర, బాగుందో లేదో చూడటం, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడటం మీ ఎలక్ట్రీషియన్ పని. డ్రిల్లింగ్‌లో వైరు గీసుకుపోయి ఉంటే మెగ్గర్‌లో బయటపడుతుంది. ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా నేనైతే డబ్బులివ్వను.