ఇంట్లో బీరు, 5వ పాఠం: చలికాలంలో బకెట్‌ని వెచ్చగా ఉంచడం

ఈసారి సీసాల్లో నింపడం గురించి చెప్పాలి కానీ దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నా. పోయిన పాఠంలో బీరు పులియబెట్టే బకెట్‌లో ఈస్ట్ వేశాక "వెచ్చటి చోట పెట్టండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను, సరిగ్గా అక్కడే చాలామంది ఇరుక్కున్నారు. అందరి కథా ఒకటే. మూడు రోజులు బాగా పొంగింది, తర్వాత చల్లబడిపోయింది, రెండు వారాలకి చూస్తే హైడ్రోమీటర్ (బీరులో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చూపే తేలే గొట్టం, ఆ అంకెనే గ్రావిటీ అంటాం) 1.022 దగ్గరే ఉంది. మనం 1.050తో మొదలుపెట్టాం, అది 1.010, 1.012 దాకా దిగాలి.

ముందు అర్జెంట్ విషయం. 1.022 దగ్గరే సీసాల్లో నింపేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది చదవడం ఆపి ఆ సీసాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టండి, మందపాటి గ్లవ్స్ వేసుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని. గ్రావిటీ ఒక్క పాయింట్, అంటే 0.001, దిగితే బీరులో దాదాపు అర వాల్యూమ్ గ్యాస్, అంటే బీరు పరిమాణంలో సగమంత గ్యాస్, పుడుతుంది. ఇంకా పన్నెండు పాయింట్లు మిగిలున్నాయంటే ఆరు వాల్యూమ్‌లు, దానికి మీరు వేసిన చక్కెర గ్యాస్ అదనం. మామూలు బీరు సీసా అంత ఒత్తిడి తట్టుకోదు, గాజు పగులుతుంది. ఒక రోజంతా బాగా చల్లబడ్డాక సింక్‌లో పెట్టి పైన తువ్వాలు కప్పి ఒక్కొక్కటిగా మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వండి. రుచి సంగతి తర్వాత.

ఇండియాలో ఉన్నవాళ్ళకి మళ్ళీ చెప్తున్నా, మన దగ్గర లైసెన్స్ లేకుండా ఇంట్లో చేస్తే ఎక్సైజ్ కేసే. ఇక్కడ బ్రిటన్‌లో 1963 నుంచి సొంతానికి చేసుకోడానికి లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకూడదు అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మీలో సగం మంది బకెట్‌ని రేడియేటర్ పక్కన పెట్టారు. దయచేసి పెట్టకండి. ఇంగ్లండ్ ఇళ్ళల్లో హీటింగ్ టైమర్ మీద నడుస్తుంది, పొద్దున ఒక రెండు గంటలు, సాయంత్రం ఐదు నుంచి పడుకునేదాకా, మిగతా టైమంతా ఆఫ్. మా లీడ్స్ ఇంట్లో మొదటి చలికాలం నేనూ రేడియేటర్ పక్కనే పెట్టి, బకెట్‌కి అంటించే థర్మామీటర్ స్ట్రిప్ చూస్తూ పుస్తకంలో రాసుకున్నాను. రాత్రి పదింటికి 25, పొద్దున ఆరింటికి 16. రోజూ ఇదే. ఈస్ట్‌కి 16 నచ్చకపోవడం కాదు సమస్య, రోజూ తొమ్మిది డిగ్రీలు ఎక్కి దిగడం సమస్య. చల్లబడుతుంటే ఈస్ట్ ముద్ద కట్టి అడుక్కి దిగిపోతుంది, ఒకసారి అలా పడుకున్నాక మళ్ళీ వెచ్చబడినా అంత తేలిగ్గా లేవదు. పైగా మొదటి మూడు రోజుల్లో 25 దాటితే గొంతులో మంట పుట్టించే ఘాటు ఆల్కహాల్ తయారవుతుంది, అది ఎన్నాళ్ళు నిలవ ఉంచినా పూర్తిగా పోదు.

"మరి సాయంత్రం బుడగలు వస్తున్నాయి కదండీ, పులుస్తున్నట్టే కదా?" అని అడిగారు. కాదండీ. చల్లటి బీరు ఎక్కువ గ్యాస్‌ని పట్టి ఉంచుకుంటుంది, రేడియేటర్ ఆన్ అయ్యి వెచ్చబడగానే ఆ పాత గ్యాసే బయటికొస్తుంది, ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదలడానికి మూతకి పెట్టే నీళ్ళ గొట్టం) గుడగుడమంటుంది. తెల్లవారుజామున చల్లబడితే తిరగబడి ఎయిర్‌లాక్‌లో నీళ్ళనే లోపలికి పీల్చుకుంటుంది. సాయంత్రం బుడగలు పొద్దున సున్నా అయితే మీరు చూస్తున్నది మీ హీటింగ్ టైమర్‌ని, ఈస్ట్‌ని కాదు. బుడగలు లెక్కపెట్టడం మానేయండి. రెండు రోజుల తేడాతో హైడ్రోమీటర్ రీడింగ్ తీసుకోండి, అదొక్కటే నమ్మండి.

బొంత చుట్టడం మంచిదే, కానీ ఎప్పుడు? చలికాలం అమ్మ పాలు గోరువెచ్చగా తోడు పెట్టి గిన్నెని బియ్యం డబ్బాలో దించేది గుర్తుందా, బియ్యం వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు. బకెట్ కూడా అంతే. మొదటి మూడు నాలుగు రోజులు ఈస్టే వేడి పుట్టిస్తుంది, లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువుంటుంది, అప్పుడు బొంత చాలు. పొంగు తగ్గాక లోపల వేడి పుట్టదు, అప్పుడే బయటినుంచి వేడి ఇవ్వాలి, మనం సరిగ్గా అప్పుడే ఇక అయిపోయిందనుకుని వదిలేస్తాం.

నేను వాడేది నీళ్ళ టబ్. పెద్ద ప్లాస్టిక్ టబ్‌లో బకెట్ పెట్టి, సగం ఎత్తుదాకా నీళ్ళు పోసి, చేపల తొట్టిలో వాడే 100 వాట్ల హీటర్ 19కి సెట్ చేసి పెడతాను. అన్ని నీళ్ళు ఒక్కసారిగా వేడెక్కవు, ఒక్కసారిగా చల్లబడవు, అదే దాని గొప్ప. హీటర్‌ని నీళ్ళలోంచి తీసేముందు ప్లగ్ తీయండి, నీళ్ళ బయట వెలిగితే గాజు పగిలిపోతుంది.

చోటు లేకపోతే హీట్ బెల్ట్, అంటే బకెట్ చుట్టూ కట్టే కరెంటు పట్టీ. 25 వాట్ల బెల్ట్ 23 లీటర్లని ఒక డిగ్రీ ఎక్కించడానికి, వేడి ఎటూ పోకపోయినా, గంట పైనే పడుతుంది, అందుకని కంగారుపడి రెండు బెల్ట్‌లు చుట్టకండి. బెల్ట్‌ని ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్ ప్రోబ్‌ని (వేడి కొలిచే తీగని) బకెట్ గోడకి, బీరు మట్టం కంటే కింద, టేప్‌తో అంటించి పైన మడతపెట్టిన స్పాంజి పెట్టండి. గాల్లో వేలాడదీస్తే అది గదినే కొలుస్తుంది, మీ బీరు కాగిపోతుంది. అడుగున థర్మాకోల్ ముక్క వెయ్యండి, టైల్స్ వేడిని బాగా లాగేస్తాయి.

1.022 దగ్గర ఆగినవాళ్ళు: 20, 21కి మెల్లగా తెచ్చి, మూత తీయకుండా బకెట్‌ని పట్టుకుని గుండ్రంగా ఊపండి, చిలక్కండి, వారం ఆగండి. చాలావరకు లేస్తుంది. లేవకపోతే కొత్త ఈస్ట్‌ని కాస్త వోర్ట్‌లో (ఇంకా పులియని మాల్ట్ నీళ్ళలో) వేసి, పొంగు మీదున్నప్పుడు కలపండి.

ఇంకా మొదలుపెట్టనివాళ్ళు నాటింగ్‌హామ్ ఈస్ట్ తెచ్చుకోండి. 10 డిగ్రీల్లో కూడా పనిచేస్తుందని తయారుచేసేవాళ్ళే చెప్తారు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నేను వేరేది ముట్టుకోను.

ప్రాక్టీస్: బకెట్‌లో 23 లీటర్ల నీళ్ళు 20 డిగ్రీల దగ్గర నింపి, బీరు ఎక్కడ పెడదామనుకుంటున్నారో అక్కడే పెట్టి, రెండు రోజులు మూడేసి గంటలకోసారి రాసుకోండి, తెల్లవారుజాము మూడింటికి అలారం పెట్టుకుని మరీ. తర్వాత బొంతతో రెండు రోజులు, హీటర్‌తో ఇంకో రెండు రోజులు. మూడో పట్టికలో ఎక్కువకీ తక్కువకీ తేడా రెండు డిగ్రీల లోపు వచ్చేదాకా మాల్ట్ ప్యాకెట్ కోయకండి.