మీడియం ఫార్మాట్ కెమెరా, 3వ పాఠం: బాణం దగ్గర ఆగండి

మ్యాగజైన్‌ను, అంటే కెమెరా వెనక తగిలించే ఫిల్ము పెట్టెను, కెమెరా నుంచి విడదీయడం, దాని ముందు వెలుతురుకు అడ్డంగా ఉండే రేకు, డార్క్ స్లయిడ్ పెట్టడం గత పాఠంలో చూశాం. ఈసారి దానిలో ఫిల్ము ఎక్కిద్దాం. ఉదాహరణకు హాసెల్‌బ్లాడ్ 500 సీ/ఎం కెమెరా, దాని ఏ12 మ్యాగజైన్ తీసుకున్నాను. మమియా, బ్రోనికా కెమెరాలు ఉన్నవారు కూడా చదవవచ్చు. మీటలు వేరే చోట ఉంటాయి కానీ పని తీరు చాలావరకు ఇదే.

ముందు ఫిల్మును చూడండి. ఇది 120 రకం. 1901లో కొడాక్ తన బ్రౌనీ కెమెరా కోసం తెచ్చింది. 35 ఎం.ఎం. ఫిల్ముకు ఉన్నట్టు దీనికి డబ్బా లేదు, అంచున చిల్లులూ లేవు. పొడవాటి కాగితంతో కలిపి ఫిల్మును స్పూలుకు చుట్టి ఉంచుతారు. ఫిల్ము మొదటి కొస మాత్రమే కాగితానికి అంటించి ఉంటుంది, రెండో కొస వదులుగానే ఉంటుంది. వెలుతురును ఆపేది ఆ కాగితమే కాబట్టి చుట్ట వదులైతే అంచుల నుంచి వెలుగు దూరుతుంది. ఎండలో ఈ పని పెట్టుకోకండి. నీడ దొరకకపోతే ఎండకు వీపు పెట్టి మీ నీడలోనే చేయండి.

మ్యాగజైన్ పక్కనున్న మడత తాళాన్ని లేపి, ఎడమకు తిప్పి లాగితే లోపలి ఇన్సర్టు, అంటే ఫిల్మును పట్టి ఉంచే చట్రం, బయటికి వస్తుంది. దాని మీది అంకెలు, మ్యాగజైన్ నంబరులోని చివరి మూడంకెలు ఒకటేనా అని చూడండి. ఈ తరహా హాసెల్‌బ్లాడ్ కెమెరాల తయారీ 2013లో ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే కాబట్టి ఒకదాని ఇన్సర్టు మరొకదానిలోకి చేరి ఉండవచ్చు. అలాంటి జతలో ఫ్రేముల మధ్య ఎడం సరిగా రాకపోవచ్చు.

ఖాళీ స్పూలును చిన్న గుండీ ఉన్న వైపు పెట్టండి, నిండు చుట్టను రెండో వైపు పట్టీ కింద అమర్చండి. తాళాన్ని కుడికి తిప్పితే కాగితాన్ని పట్టి ఉంచే అంచు తెరుచుకుంటుంది. ఎనిమిది, పది సెంటీమీటర్ల కాగితం లాగి, కాగితం ఒక పక్కను ఆ తెరుచుకున్న అంచు కిందకు జార్చి, సన్నటి కొసను ఖాళీ స్పూలు చీలికలో దూర్చండి. ఈలోగా రెండో చేతి బొటనవేలు నిండు చుట్ట మీదే ఉండాలి, దాన్ని తీయకండి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఇన్సర్టు పలక మీదుగా పోయే కాగితం ఏ రంగు కనిపిస్తోందో చూడండి. కాగితానికి ఒక వైపు నలుపు, రెండో వైపు రంగు ఉంటాయి. నలుపే బయటికి ఉండాలి. పాత స్టూడియోల్లో యాషికా మ్యాట్ అనే రెండు లెన్సుల కెమెరాతో పనిచేసిన చేతులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆ కెమెరాలో మనం వెనక నుంచి చూస్తాం కాబట్టి రంగు వైపే కంటికి ఎదురుగా ఉంటుంది. ఏ12లో లెన్సు చూసే వైపు నుంచి చూస్తున్నాం. రంగు వైపు బయటికి పెట్టారంటే పన్నెండు ఫోటోలూ కాగితం మీద తీసినట్టే.

ఇప్పుడు గుండీని మెల్లగా తిప్పండి. నిండు చుట్ట వైపు పట్టీ మీద చిన్న త్రికోణపు గుర్తు ఉంటుంది. కాగితం మీద అచ్చేసిన బాణం సరిగ్గా దాని ఎదురుకు రాగానే ఆపాలి. ఈ పాఠంలో నేను పట్టుబట్టేది ఇదొక్కటే. ఏ12 కంటే ముందొచ్చిన ‘12’ అనే మ్యాగజైన్‌కు వెనక చిన్న కిటికీ ఉండేది, అందులోంచి 1 అంకెను చూసుకునేవారు. ఏ12కు ఆ కిటికీ లేదు. ఫిల్ము ఎక్కడ మొదలైందో దానికి తెలియదు, మీరు ఆపిన చోటి నుంచి కొలుచుకుంటూ పోతుందంతే. బాణం గుర్తును దాటిపోతే పన్నెండో ఫోటో ఫిల్ము చివరికి జరుగుతుంది. రాకముందే ఆపితే మొదటి ఫోటో ఫిల్ము ఆరంభపు కొస మీదికి జరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల తేడాకు కంగారు అక్కర్లేదు, వేలెడంత తేడాను మాత్రం వదలకండి.

ఇన్సర్టును లోపలికి తోసి తాళం వేయండి. కుడి పక్కనున్న పిడిని విప్పి తిప్పితే సుమారు పది చుట్లకు తనంతట తానే ఆగుతుంది, ఫోటోల లెక్క చూపే చిన్న కిటికీలో 1 కనిపిస్తుంది. పిడిని మడిచేయండి. ఆ తర్వాత ఇన్సర్టును మళ్లీ బయటికి లాగితే లెక్క మొదటికి వస్తుంది. అందుకే అనుమానం ఉంటే తాళం వేయకముందే తీర్చుకోండి.

మ్యాగజైన్‌ను కెమెరాకు తగిలించే ముందు రెండింటి మీదున్న, రంగు గుర్తు చూపే చిన్న కిటికీలూ చూడండి, రెండూ తెల్లగా ఉండాలి. కెమెరా తెలుపు, మ్యాగజైన్ ఎరుపు అయితే ఒక ఫోటో మీద మరొకటి పడుతుంది. కెమెరా ఎరుపు, మ్యాగజైన్ తెలుపు అయితే ఒక ఫ్రేము ఊరికే పోతుంది. తగిలించాక డార్క్ స్లయిడ్ తీయడం మరిచిపోయినా భయం లేదు, అది ఉన్నంతసేపు ఫోటో తీసే మీట పనిచేయదు.

వచ్చే పాఠానికల్లా గడువు దాటిన చుట్ట ఒకటి సంపాదించి, పూర్తి వెలుతురులో ఎక్కించి దించుతూ ఉండండి. బాణం కోసం వెతుక్కోనక్కర లేనంతగా చేయి అలవాటు పడాలి. తీసిన చుట్టను దించి, అంటుపట్టీ వేసి భద్రపరచడం నాలుగో పాఠంలో నేర్చుకుందాం. ఖాళీ అయిన స్పూలును మాత్రం పారేయకండి, తర్వాతి చుట్టకు అది కావాలి.