చుట్టాలకు అందించే చెక్క ట్రే ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

రంపం పట్టుకునే ముందు నేల మీద పాత న్యూస్‌పేపరు పరచండి. పేరంటానికో పండక్కో మీ ఇంట్లో ఏం పెడతారో ఆ ప్లేట్లు, కప్పులు దాని మీద సర్ది, చుట్టూ పెన్సిల్‌తో గీయండి. అదే మీ డిజైన్. సాసరు 15 సెంటీమీటర్లుంటే ఆరు కప్పులకు 45 × 30 చోటు చాలు. చేతిపట్టు కోసం పొడవులో అటు 6, ఇటు 6 కలపండి.

చెక్క టేకైతే నిశ్చింత, తడికి తట్టుకుంటుంది. మామిడి చవకే కానీ బాగా ఆరిందే కొనాలి, పచ్చిదైతే వంగిపోతుంది. అడితిలోనే పలకను కంటి ఎత్తుకు లేపి అంచు వెంబడి చూస్తే వంకర తెలిసిపోతుంది. మందం 20 మిల్లీమీటర్లు దాటొద్దు. ఈ కొలతకే టేకు పలక రెండు కిలోల పైన తూగుతుంది. ఇన్‌స్టాలో కనిపించే రెండంగుళాల పలకలు ఫొటోలకే బాగుంటాయి, మోసేవాళ్లకు కాదు.

చేతిపట్టు దగ్గరే జాగ్రత్త. రెండు చివర్లా, ఒకదానికొకటి పది సెంటీమీటర్ల దూరంలో 3 సెంటీమీటర్ల రంధ్రాలు రెండేసి వేసి, మధ్య చెక్కను జిగ్‌సాతో (సన్నటి బ్లేడున్న కరెంటు రంపం) తీసేయండి. చెక్క గీతలు పలక పొడవునా పోతాయి కదా, రంధ్రానికి బయట మిగిలే పట్టీ అడ్డంగా పడి బలం తగ్గుతుంది. అక్కడ కనీసం 3 సెంటీమీటర్లు వదలకపోతే చుట్టాల ముందే విరుగుతుంది. లోపలి అంచులు వేళ్లకు గుచ్చుకోకుండా గుండ్రంగా అరగదీయండి.

ఉప్పుకాగితం 80, 120, 220 నంబర్ల వరసలో, గీతల వెంటే రుద్దాలి. నున్నగా అయిందనుకున్నాక తడిబట్టతో తుడిచి ఆరనివ్వండి. సన్నటి నూగు లేస్తుంది. 220తో మళ్లీ తీసేయండి. ఇప్పుడు వదిలేస్తే మొదటిసారి కడగ్గానే ట్రే గరుకెక్కుతుంది.

పూతకు వంటనూనె వాడొద్దు, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. ఫుడ్ గ్రేడ్ (తిండికి తగిలినా హాని లేని) మినరల్ ఆయిల్ నాలుగు పాళ్లకు తేనెమైనం ఒక పాలు వేడినీళ్ల గిన్నెలో కరిగించి పట్టించండి. రాత్రంతా ఉంచి పొద్దున తుడిచేయండి.

బజ్జీలు, పులిహోర పెట్టేటప్పుడు కింద అరిటాకు వేయండి. పసుపు మరక పడితే లేత ఎండ తగిలితే కొంత పోతుంది. సింకులో మాత్రం నానబెట్టొద్దు, కడిగి నిలబెట్టి ఆరబెట్టండి.

జతగా చిన్న గిన్నెలు కావాలంటే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకవి చూడండి. అంకుడు కర్రతో చేసి లక్క పూస్తారు. వేడికి లక్క మెత్తబడుతుంది కాబట్టి వాటిలో జీడిపప్పు, ఖర్జూరాలే పెట్టండి.