బాత్‌టబ్బా, షవరా? షోరూముకి వెళ్లేముందు మీ ట్యాంకు సంగతి చూసుకోండి

ఇల్లు కట్టేటప్పుడు ఇసుక దగ్గర, ఇటుక దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడే మనిషి కూడా బాత్‌రూమ్ సామాను దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని ధారాళం చూపిస్తాడు. షోరూములో తెల్లగా మెరుస్తూ టబ్ ఉంటుంది, పక్కనే పెద్ద రెయిన్ షవరు ఉంటుంది, రెండూ ఏసీ గదిలో బ్రహ్మాండంగా కనపడతాయి. ఇంటికొచ్చి బిగించాక అసలు కథ మొదలవుతుంది.

నా మాట ముందే చెప్పేస్తా. నెల్లూరు, ఒంగోలు వైపు మామూలు కుటుంబం ఉండే ఇంటికి టబ్ అక్కర్లేదు. షవరు పెట్టుకోండి, దాని కింద బకెట్ పట్టే కుళాయి కూడా ఖచ్చితంగా పెట్టించండి. ఎందుకో, మీ ఇంటికి ఏది సరిపోతుందో ఎలా తేల్చుకోవాలో రాస్తున్నా. ఇదంతా చదివాక కూడా టబ్బే కావాలంటే దానికీ చూసుకోవాల్సినవి ఉన్నాయి, అవీ చెప్తా.

ముందు నీళ్ల లెక్క

ఐదడుగుల టబ్‌లో మనిషి మునిగి కూర్చోవాలంటే 150 నుంచి 200 లీటర్లు పోయాలి. పెద్ద బకెట్ 20 లీటర్లు అనుకుంటే ఎనిమిది నుంచి పది బకెట్లు. మనలో ఎక్కువమందికి రోజూ ఒక బకెట్‌తో స్నానం అయిపోతుంది, తలస్నానమైతే రెండు. షవరు లెక్క నిమిషాల మీద నడుస్తుంది. నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు వదిలే షవరైతే ఐదు నిమిషాలకి 40, 50 లీటర్లు. అయితే ఫోన్‌లో పాటలు పెట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడే కుర్రాడు ఇంట్లో ఉంటే అదీ టబ్‌తో సమానమే, కాబట్టి షవరు పెడితే నీళ్లు మిగిలిపోతాయని గుడ్డిగా నమ్మకండి.

జల్ జీవన్ మిషన్‌లో పల్లెల్లో మనిషికి రోజుకి ఇవ్వాలని పెట్టుకున్న లెక్క 55 లీటర్లు, వంటకీ, తాగడానికీ, ఉతుక్కోడానికీ, అన్నిటికీ కలిపి. ఒక్క టబ్ స్నానానికి ముగ్గురి రోజంతటి నీళ్లు పోతాయన్నమాట. సోమశిల, కండలేరు జలాశయాలు నిండిన ఏడాది నెల్లూరులో ఈ లెక్కలు ఎవరికీ గుర్తుకురావు. ఒంగోలుకైతే సాగర్ కాలువ నీళ్లు రావాలి, వాటిని చెరువుల్లో నిల్వ పెట్టుకోవాలి. ఇక కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టడం కొత్తేమీ కాదు. అలాంటి చోట టబ్ పెట్టించుకున్నవాళ్లు చివరికి దాన్ని ఏం చేస్తారంటే, నీళ్లొచ్చిన రోజు నింపి పెట్టుకుంటారు! ఆ పనికి సిమెంటు తొట్టి చాలు, పైగా తొట్టికి మూతుంటుంది, దోమలు చేరవు.

వేడినీళ్లది ఇంకో లెక్క. 25 లీటర్ల గీజరు 60 డిగ్రీలకి కాగితే, చన్నీళ్లు కలిపాక ఒంటికి పట్టే వేడిలో ఓ 55, 60 లీటర్లు వస్తాయి. షవరుకైనా బకెట్‌కైనా అది దండిగా సరిపోతుంది. 150 లీటర్ల టబ్‌కి మాత్రం అది మూడోవంతుకి కాస్త పైన, అంతే. రెండో విడత కాగేలోపు మొదట పోసినవి చల్లారుతుంటాయి. 2 కిలోవాట్ల గీజరైతే ఒక్కో విడతకి అరగంట పైన పడుతుంది, యూనిట్ దాకా కరెంటు కాలుతుంది. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు వంటింట్లో గిన్నెలు కడుక్కోడానికి బాగుంటుంది గానీ షవరుకి పెట్టకండి. ధార సన్నగా వదిలితే వేడి, కాస్త తిప్పితే చన్నీళ్లు.

మన దగ్గర ఏడాదిలో గీజరు అవసరమయ్యే రోజుల కంటే, ట్యాంకులో నీళ్లే సలసలా కాగే రోజులు ఎక్కువని మీకు నేను చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం షవరు కింద నిలబడి తిప్పారంటే ఒళ్లు చుర్రుమంటుంది. మేడమీద ఎండలో పడున్న పైపుల్లోవి ముందు దిగుతాయి మరి. ఆ వేడి నీళ్లు బకెట్‌లోకి వదిలి పక్కన పెట్టుకుంటే చల్లారాక పనికొస్తాయి, కుళాయి ఉండాలనేది అందుకు కూడా. కొత్తగా కడుతుంటే పైపుల మీద ఇన్సులేషన్ తొడుగు వేయించండి, ట్యాంకు మీద చిన్న రేకు నీడ వేయించండి.

షవరు పెడితే చాలదు, నీళ్లు పడాలి

షవరు కొన్నవాళ్ల నుంచి నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే: బొట్లు బొట్లుగా పడుతోంది. తప్పు షవరుది కాదు, ఎత్తుది. నీళ్లు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక బార్ ప్రెషర్ వస్తుంది. ఒక్క అంతస్తు ఇంట్లో శ్లాబు పదడుగుల ఎత్తు, దానిమీద నాలుగడుగుల దిమ్మె మీద ట్యాంకు, లోపల షవరు ఏడడుగుల ఎత్తులో అనుకుంటే, మధ్య తేడా ఏడెనిమిది అడుగులు. అంటే పావు బార్ కూడా రాదు. పెద్ద రెయిన్ షవరు పెట్టె మీద చూడండి, సాధారణంగా ఒక బార్‌కి తక్కువ కాకుండా అడుగుతుంది. రెండంతస్తుల ఇంట్లో కింద పోర్షన్ వాళ్లకి ధార బాగుండి పైవాళ్లకి రాకపోవడం ఇందుకే.

కొనేముందు ఇలా చూసుకోండి. షవరు బిగించే చోట పైపు ఖాళీగా వదిలి, ఆ ఎత్తులోనే బకెట్ పట్టండి (ఒకరు స్టూలెక్కాలి, తప్పదు), ఫోన్‌లో టైమరు పెట్టండి. 20 లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లోపు నిండితే మామూలు నాలుగంగుళాల షవరు బాగానే పనిచేస్తుంది. మూడు, నాలుగు నిమిషాలు పట్టిందంటే రెయిన్ షవరు జోలికి వెళ్లకండి. అప్పుడు మూడు దార్లున్నాయి: ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచడం, మేడమీద నుంచి దిగే పైపు లావుది వేసి వంపులు తగ్గించడం, లేదంటే ప్రెషర్ పంపు పెట్టడం. పంపు పెడితే కరెంటు పోయినప్పుడు దాన్ని దాటుకుని నీళ్లు వచ్చేలా బైపాస్ లైను వేయించండి, లేకపోతే తలకి షాంపూ రాసుకున్నాక కరెంటు పోయిందంటే కళ్లు మూసుకుని కేకలే. గీజరు కూడా ఆ ప్రెషర్ తట్టుకునేదేనా అని చూసి తీసుకోండి.

ఉప్పు నీళ్ల ఇళ్లు

బోరు నీళ్లతో నడిచే ఇల్లైతే ఇది జాగ్రత్తగా చదవండి. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు, అది తాగే నీళ్ల బాధ, స్నానానికి దానితో పెద్ద పేచీ లేదు. స్నానాల గదిని పాడుచేసేది సున్నం. ఆరునెలలు వాడిన షవరుని దగ్గరికెళ్లి చూడండి: అంచు చుట్టూ తెల్లగా గట్టిపడిన పొర, సగం బెజ్జాలు మూసుకుపోయి, తెరుచుకున్న సగంలోంచి ఒక ధార అద్దం మీదికి, ఒకటి తలుపు మీదికి, మనిషి మీద తప్ప అన్నివైపులా పోతుంటుంది. కాబట్టి బెజ్జాల దగ్గర మెత్తటి రబ్బరు ముక్కులుండే షవరు తీసుకోండి, బొటనవేలితో రుద్దితే సున్నం రాలిపోతుంది. గట్టిగా పట్టేస్తే ప్లాస్టిక్ కవర్లో తెల్ల వెనిగర్ సగం నీళ్లు కలిపి పోసి, షవరు అందులో మునిగేలా కట్టి, గంట, గంటన్నర తర్వాత విప్పి పాత బ్రష్‌తో రుద్దండి. టాయిలెట్‌కి వాడే యాసిడ్ మాత్రం క్రోము పూత మీద పోయకండి, నలుపెక్కి పొట్టు లేస్తుంది.

టబ్‌కి ఈ నీళ్లు ఇంకా బద్ధశత్రువు. నీళ్లు ఎంతవరకు నిలిచాయో అంతవరకు చార పడుతుంది, గీకి రుద్దితే యాక్రిలిక్ మీద గీతలు, ఆ గీతల్లో మళ్లీ మురికి. జకూజీ అయితే నీళ్లు చిమ్మే బెజ్జాలు కూడా మూసుకుంటాయి. నీళ్లలో సున్నం తీసేసే సాఫ్ట్‌నర్ పెట్టుకోగలిగితే ఆ మాట వేరు, దానికి అప్పుడప్పుడు ఉప్పు పోసి రీఛార్జి చేసే ఓపిక ఉండాలి.

ఎవరు స్నానం చేస్తారు?

షోరూములో ఎవరూ అడగని ప్రశ్న ఇది. ఇంట్లో పసిబిడ్డ పుట్టబోతుంటే, అమ్మమ్మో నాయనమ్మో వచ్చి చిన్న పీట వేసుకుని, కాళ్లు బారచాపి, బిడ్డని కాళ్లమీద బోర్లా పడుకోబెట్టి నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో నీళ్లు పోస్తుంది. దానికి నాలుగడుగుల చదునైన నేల కావాలి, చేతికందే దూరంలో బకెట్ కావాలి, నీళ్లు చకచకా పోయే జాలి కావాలి. ఐదు బై ఏడు బాత్‌రూములో టబ్ పెట్టేస్తే ఆ నేలే ఉండదు. కొడుకు మోజుపడి పెట్టించిన టబ్ చూసి ఒక పెద్దావిడ అన్న మాట: "యాడ కూసోని పోసేదిరా బిడ్డకి నీళ్లు, ఈ తొట్టిలోనా?" ఆ ఇంట్లో బిడ్డ స్నానాలు పెరట్లో జరిగాయి. టబ్‌లో ఉతకాల్సిన దుప్పట్లు చేరాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి టబ్ హాయిగా ఉంటుందని కొందరు పెట్టిస్తారు. లోపల కూర్చున్నాక హాయే, కానీ అడుగున్నర ఎత్తు గోడ దాటి లోపలికి దిగాలి, తడికాళ్లతో మళ్లీ దాటి బయటికి రావాలి. పడేది అక్కడే. వాళ్లకి కావాల్సింది గడప లేని షవరు చోటు, గట్టి ప్లాస్టిక్ స్టూలు, కూర్చునే చేత్తో పట్టుకుని పోసుకునే హ్యాండ్ షవరు, పక్క గోడకి స్టీలు పట్టీ. ఆ పట్టీ టైలుకి అంటించేది కాదు, ఇటుక గోడలోకి దిగే బోల్టులతో బిగించేది, మనిషి బరువంతా దాని మీద వేలాడినా కదలకూడదు.

భోగి రోజు తలంట్లు, ఆదివారం నువ్వుల నూనె, కుంకుడుకాయ పులుసు ఇవన్నీ ఉన్న ఇల్లైతే టబ్‌లో నూనె జిడ్డు ఎంత జారుతుందో మీరే ఊహించుకోండి. కుంకుడు పిప్పి జాలిలో ఇరుక్కుంటే తీయడానికి జాలి మూత విప్పేలా ఉండాలి, అది షవరుకైనా అంతే.

నేల ఏ రాయి?

చీమకుర్తి గెలాక్సీ రాయి మన పక్కనే దొరుకుతుంది కదా అని బాత్‌రూము నేలకి పాలిష్ గ్రానైట్ వేసేస్తారు. నల్లరాతిలో ఆ చుక్కలు మెరుస్తుంటే అందం సంగతి సరే, తడిస్తే జారుతుంది, పైగా నలుపు మీద సున్నపు మరకలు మైలు దూరానికి కనపడతాయి. గోడకో, వాష్‌బేసిన్ దిమ్మెకో వాడండి. నేలకి అదే కావాలంటే పాలిష్ చేయని, గరుకు ఫినిష్ అడగండి. నాకైతే మార్కాపురం పలక రాయి ఇష్టం. బడి పలకలుగా ఊరూరికీ వెళ్లిన రాయే, పొరలుగా చీలుతుంది కాబట్టి పైభాగం సహజంగానే గరుకు, కాలు పట్టుకుంటుంది. వేశాక సీలర్ పూయించండి, లేదంటే నూనె పీల్చుకుని మచ్చలు పడతాయి, పొరలు కూడా లేస్తాయి. ఇవేవీ వద్దంటే యాంటీస్కిడ్ టైల్సు.

షవరు చోటు కనీసం మూడు బై మూడు అడుగులు ఉండాలి, అంతకన్నా తగ్గితే మోచేతులు గోడకి తగులుతాయి. వాలు ఆరున్నర, ఏడు అడుగులకి అంగుళం చొప్పున జాలి వైపు ఉండాలి. మేస్త్రీ "ఉందిలే సార్" అంటే వదలకండి. టైల్సు వేశాక ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి ఐదు నిమిషాల తర్వాత ఎక్కడ నిలిచాయో చూడండి.

అయినా టబ్బే కావాలంటే

సరే. మీకు నీళ్లకి లోటు లేదు, బాత్‌రూములు మూడున్నాయి, అందులో ఒకటి ఎనిమిది బై ఎనిమిది ఉంది, వారానికోసారైనా వాడతారు. అప్పుడు పెట్టుకోండి, ఎవరు కాదంటారు. కానీ ఇంట్లో ఉన్న ఒకే ఒక బాత్‌రూములో పెట్టకండి. నీళ్లు, మనిషి, టబ్ కలిపి మూడు వందల కిలోల దాకా పోతుంది కాబట్టి పై అంతస్తు పాత శ్లాబు అయితే ఇంజనీరుకి ఒకసారి చూపించండి. టబ్ కింద ట్రాప్ (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు పైపు) దగ్గరికి చెయ్యి దూరేలా పక్క గోడలో విప్పుకునే పలక ఒకటి వదలండి, అది లేకపోతే లీకు వచ్చిన రోజు టైల్సు పగలగొట్టాలి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్సు వేయకముందు, నేల మీద నీళ్లు నింపి 48 గంటలు ఉంచి కింద గది సీలింగు చూడండి. ఇది షవరు గదికీ చేయించండి.

ఊరి బయట లేఅవుట్లలో డ్రైనేజీ లైను ఉండదు, ఇంటి ఇంకుడు గుంతే గతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి అసలు వానలు, తుఫాన్లు. అప్పుడు నేలలో నీళ్లు పైకొచ్చి గుంత నిండుగా ఉంటుంది, టబ్ మూత తీయగానే ఒక్కసారిగా దిగే 200 లీటర్లు వెనక్కి తన్నుతాయి. స్నానాల నీళ్లకి టాయిలెట్‌తో కలవని పైపు విడిగా వేయించి పెరట్లో అరటికో కొబ్బరికో వదిలితే ఈ తంటా చాలావరకు తగ్గుతుంది.

పిల్లలు నీళ్లల్లో ఆడాలనే సరదా కోసమే అయితే పాత గంగాళం అటక మీద నుంచి దించండి, లేదా మడిచి పెట్టుకునే ప్లాస్టిక్ టబ్ కొనండి. పని కాగానే బోర్లించి గోడకి ఆనించొచ్చు. నీళ్లున్నంతసేపూ పక్కన పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉండాల్సిందే.

ప్లంబరుకి ఏం చెప్పాలి

గోడలు కొట్టకముందే చెప్పండి: త్రీ ఇన్ వన్ వాల్ మిక్సరు, అంటే పైన షవరు, పక్కన హ్యాండ్ షవరు, కింద కుళాయి. కుళాయి ముక్కు నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల్లో ఉంటే పెద్ద బకెట్ సులువుగా పడుతుంది. షవరు తిప్పే పిడి నేరుగా షవరు కింద కాకుండా పక్క గోడకి పెట్టిస్తే మొదట వచ్చే వేడి నీళ్లు నెత్తిన పడవు. గీజరు స్విచ్ బాత్‌రూము బయట ఉండాలి, ఎర్తింగు సరిగా ఉండాలి, ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) వేయించండి, దీని దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు.

పైపులు వేశాక, ప్లాస్టరింగు చేయకముందు, గోడకి టేపు ఆనించి పట్టుకుని నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు స్టీలు పట్టీకో అద్దానికో డ్రిల్లు పెట్టేటప్పుడు, లోపల పైపు ఎక్కడుందో ప్లంబరుకి ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండదు.