1662 ప్రార్థన పుస్తకం చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఇంగ్లాండ్ సంఘపు 'బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్' చేతిలోకి తీసుకున్న చాలామంది ముందుమాటలు, పండుగల పట్టికలు, ఈస్టర్ తేదీ లెక్కల దగ్గరే అలిసిపోయి పక్కన పెట్టేస్తారు. ఆ పేజీలన్నీ ప్రస్తుతానికి తిప్పేయండి. మా సంఘంలో వాక్యపఠనం చేసేవాళ్లకు నేనే తర్ఫీదు ఇస్తుంటాను. వాళ్లకు మొదట చెప్పేది, పైకి చదవమని. చదువు రాని మనిషి కూడా వారం వారం విని నోటికి తెచ్చుకునేలా కూర్చిన వాక్యాలివి. మనసులో చదువుకుంటే సగం రుచి పోతుంది.

1662 ముద్రణే తెచ్చుకోండి. ఇంగ్లాండ్‌లో చట్టపరంగా ఇప్పటికీ నిలిచి ఉన్నది అదే. 2000లో వచ్చిన కొత్త ఆరాధన పుస్తకం 'కామన్ వర్షిప్' దాని పక్కన నడుస్తోందే తప్ప దాన్ని తీసేయలేదు.

సాయంకాల ఆరాధనతో మొదలుపెట్టండి. మఠాల్లో రోజుకు ఎనిమిది వేళల్లో లాటిన్‌లో చేసే ప్రార్థనలను ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ 1549లో ఉదయం, సాయంత్రం రెండింటికి కుదించి ఇంగ్లిష్‌లో పెట్టాడు. ఆ అతుకు ఇక్కడ తెలిసిపోతుంది. పాత నిబంధన పాఠం కాగానే మరియ పాట, కొత్త నిబంధన పాఠం కాగానే ముసలి సుమెయోను పాట వస్తాయి. మొదటిది పాత సాయంత్రపు ప్రార్థనలోది, రెండోది పడుకోబోయే ముందు చేసే ప్రార్థనలోది. ఇక కీర్తనలు 150నీ 30 రోజులకు పంచి ఉంచారు కాబట్టి, ఈరోజు తేదీ చూసుకుని ఆ సాయంత్రపు వాటా తీయండి. 15వ తేదీన మాత్రం మొదలుపెట్టకండి. ఆ సాయంత్రం వచ్చేది 78వ కీర్తన, 70కి పైగా వచనాలు!

తర్వాత కలెక్ట్ అనే చిన్న ప్రార్థనలు. ఇక్కడ తొందరపడొద్దు, పెన్సిల్ తీసుకోండి. దాదాపు ప్రతి వారానికీ ఒకటి ఉంటుంది, ఎక్కువ భాగం ఒకే వాక్యం. దేవుణ్ని పిలవడం, ఆయన ఎలాంటివాడో చెప్పడం, ఒక్కటంటే ఒక్కటి అడగడం, అది ఎందుకో చెప్పడం, క్రీస్తు పేరట ముగించడం. ప్రభు భోజన ఆరాధన మొదట్లో వచ్చే ప్రార్థన గుర్తుందా? అందరి హృదయాలూ ఎవరికి తెరిచి ఉన్నాయో, ఏ రహస్యమూ ఎవరికి దాగదో ఆ దేవుణ్ని పిలిచి, మా తలంపులను శుద్ధి చేయమని అడిగేది. ఈ అయిదు ముక్కలూ అందులో వరుసగా కనిపిస్తాయి.

అది పట్టుబడ్డాక, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారానికి వెళ్లండి. కలెక్టుల్లో ఎక్కువ భాగం క్రాన్మర్ లాటిన్ నుంచి తెచ్చినవే కానీ, ఇది కొత్తగా రాసినది. ఇందులో రెండో ముక్క లేదు. సర్వశక్తిగల దేవా అనగానే అడగడమే. అంధకార క్రియలను విసర్జించి తేజస్సంబంధమైన యుద్ధోపకరణములు ధరించుకొందమన్న పౌలు మాటను రోమా పత్రిక నుంచి ఎత్తుకుని, దానికి జంటలు కట్టాడు. ఇప్పటి కాలం ఒకవైపు, చివరి దినం మరోవైపు. దీనుడై వచ్చిన రాక, మహిమతో వచ్చే రాక. చావుగల బ్రతుకు, చావులేని జీవం. జంటలో మొదటిదాని కింద గీత గీయండి, రెండోదాన్ని చుట్టండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ గీతలే చెబుతాయి. క్రిస్మస్ ముందురోజు వరకూ దీన్ని రోజూ చదవాలని 1662 నియమం.

ఇక రొట్టె ఇచ్చేటప్పుడు గురువు చెప్పే మాటల దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. 1549లో గురువు, నీ కొరకు ఇయ్యబడిన క్రీస్తు శరీరము నీ శరీరాన్ని, ఆత్మను నిత్యజీవానికి కాపాడుగాక అనేవాడు. 1552లో అది మొత్తం తీసేసి, క్రీస్తు నీ కోసం చనిపోయాడని జ్ఞాపకం చేసుకుంటూ దీన్ని తిను, విశ్వాసంతో నీ హృదయంలో ఆయనను ఆరగించు అని పెట్టారు. రొట్టెలో క్రీస్తు ఉన్నాడా లేడా అన్న పోరు అంతా ఈ మార్పులో ఉంది. 1559లో, ఎలిజబెత్ రాణి ఏలుబడిలో, రెండు వాక్యాలనూ ఒకదాని వెంట ఒకటి అతికించారు. 1662లోనూ అలాగే ఉంచారు. దీన్ని పిరికి రాజీ అనేవాళ్లున్నారు. నాకైతే పుస్తకం మొత్తంలో ఇంతకంటే తెలివైన పని కనిపించదు. ఎదురెదురు నమ్మకాలున్న ఇద్దరు ఒకే బల్ల దగ్గర మోకరించి, ఎవరికి కావలసిన వాక్యం వాళ్లు పట్టుకుని లేవచ్చు.

అలాగని ఇదంతా మెత్తగా జరిగిందనుకోకండి. 1549 పెంతెకొస్తు నాడు కొత్త పుస్తకం అమల్లోకి వస్తే, డెవన్, కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు. తమలో కొందరికి ఇంగ్లిషే రాదని కార్న్‌వాల్ వాళ్ల ఫిర్యాదు. ఆ అణచివేతలో వేలమంది చనిపోయారు. క్రాన్మర్‌ను 1556లో ఆక్స్‌ఫర్డ్‌లో తగలబెట్టారు. 1645లో పార్లమెంటు ఈ పుస్తకాన్నే నిషేధించింది.

వివాహ, సమాధి క్రమాలను ఊరికే ఒకసారి చదవండి చాలు. మరణం వేరుచేసే వరకూ అనే ప్రమాణం, మట్టికి మన్ను, బూడిదకు బూడిద అనే మాట సినిమాల్లో విని ఉంటారు కాబట్టి అవి వాటంతటవే పలుకుతాయి.

చివరగా మీ సంఘపు ఆరాధన క్రమాన్ని పక్కన పెట్టుకుని చూడండి. 1784లో జాన్ వెస్లీ అమెరికా మెథడిస్టులకు పంపినది ఈ పుస్తకాన్నే కుదించి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1950లో తెచ్చిన ప్రభు భోజన క్రమంలో క్రాన్మర్ మాటలు వినిపిస్తాయి. అందులోనే క్రీస్తు సమాధానాన్ని, అంటే శాంతిని, చేతుల నుంచి చేతులకు అందించే పద్ధతి ఉంది. 1662 పుస్తకంలో అది ఎంత వెతికినా దొరకదు. ఈసారి మన దగ్గర నుంచి ఆ పద్ధతిని అప్పు తీసుకున్నది పడమటి సంఘాలు.

ఇంగ్లాండ్ వెళ్లే వీలుంటే ఏదైనా కెథీడ్రల్‌లో సాయంకాల ఆరాధనకు వెళ్లండి. చాలాచోట్ల 5:30 ప్రాంతంలో ఉంటుంది, టికెట్ అక్కర్లేదు. కీర్తనలు గాయక బృందమే పాడుతుంది, మీరు గొంతు కలపాలన్న టెన్షన్ వద్దు. విశ్వాస ప్రమాణం మాత్రం అందరూ నిలబడి కలిసి చెబుతారు. కొన్నిచోట్ల అప్పుడు తూర్పు వైపుకు తిరుగుతారు. పక్కవాళ్లు తిరిగితే మీరూ తిరగండి.